కుడితి తొట్టిలో మిలిట్రీ బండి

తెల్లవారుజామున నమాజు ముగించుకొని మసీదు నుంచి వచ్చిన లాల్ బాషా నేరుగా ఇంట్లోకి అడుగుపెట్టేవాడు కాదు. ముందు వాకిట్లో నిలబెట్టిన లారీ చుట్టూ ఒకసారి నడిచేవాడు. పండుకున్న ఎద్దును మేలుకొలిపినట్టు ఒక్కో టైరు మీదా అరచెయ్యి వేసి, వంగి కింద తొంగిచూసి, బిస్మిల్లా అనుకొని బానెట్టును తట్టేవాడు. మిలిట్రీలో నేర్పిన అలవాటది. పటాలం వదిలి వచ్చి, ఎర్రగుంట్ల నాపరాళ్ళను ప్రొద్దుటూరికి తోలే లారీకి డ్రైవరుగా కుదిరినా ఆ అలవాటు పోలేదు.

పక్కింటి ఓబమ్మ అదే వేళకు వాకిట్లో కళ్ళాపి చల్లుతూ ఉండేది. గొర్లు కాచుకునే ఇంటి మనిషి, నోరు కొంచెం పెద్దది.

"ఏం అల్లుడా, ప్రదక్షిణం అయిందా?"

"అయింది అత్తా. తీర్థం నువ్వే పోయాల."

ఓబమ్మ నవ్వుకుంటూ చెంబెడు మజ్జిగ తెచ్చి ఇచ్చేది. ఏ జన్మ బంధమో గాని, ఆమె మజ్జిగ తాగకుండా లాల్ బాషా లారీ కదిలింది లేదు.

జమ్మలమడుగుకు దగ్గరలోని ఆ ఊరు అప్పట్లో రెండు పార్టీలుగా చీలి ఉంది. పై వీధివాళ్ళు కింది వీధిలో బీడీ కూడా ముట్టించుకోరు. పులివెందులకు పోవాలన్నా, ముందు ఎవరి జీపు పోయిందో కనుక్కొని బయలుదేరేవాళ్ళు. మిలిట్రీలో బండి తోలిన మనిషంటే రెండు పార్టీలకూ ఆశే. మా జీపు తోలమని వీళ్ళూ, మాది తోలమని వాళ్ళూ కబురు పెట్టారు. "నాకు రాళ్ళే మేలప్పా. అవి ఎవురి మీదా పగ పట్టవు" అని లాల్ బాషా ఇద్దరికీ దండం పెట్టి తప్పుకున్నాడు.

అతని మనసంతా ముద్దనూరు మీద ఉండేది. ముద్దనూరు పెంచలమ్మ కొడుకు చిన్నసుబ్బయ్య, తనూ ఒకేసారి పటాలంలో చేరారు, ఒకే తీరు బండ్లు తోలారు. మంచుకొండల్లో చరియ విరిగిపడి చిన్నసుబ్బయ్య బండితో సహా లోయలోకి పోయాడు. ఇప్పుడు పెంచలమ్మకు చూపు పూర్తిగా పోయింది. మొన్న చూడబోయినప్పుడు ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనా, మావాడు తోలిన బండి ఎట్లుంటాదో నేను చూడనేలేదు. ఇంగ కండ్లు ల్యావు. చేత్తో తడిమితే అన్నా తెలుస్తాది గదా?"

లాల్ బాషా కువైట్‌లో ఉన్న బావమరిది జమాల్‌కు కబురు చేశాడు. జమాల్ సెలవులో వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. పైన మిలిట్రీ ట్రక్కు బొమ్మ, లోపల తీగకు కాసిన కాయల్లా ప్లాస్టిక్ ముక్కలు. ఒక్కొక్కటే కోసి, అంటించి, రంగు వెయ్యాలి. ఏ దేశపు బండో గాని పొడుగు ముక్కు, వెనక గుడ్డకప్పు, ఎత్తయిన చక్రాలు, అన్నీ చిన్నసుబ్బయ్య బండి తీరే. ఇంతలో పెంచలమ్మ మంచాన పడిందనీ, ఈ ఎండాకాలం దాటేలా లేదనీ తెలిసింది. అప్పటినుంచి లాల్ బాషాకు వేరే పని లేదు. లారీ దిగగానే మిద్దె ఎక్కేవాడు. గడ్డం గీసుకునే బ్లేడుతో ముక్కలు కోసి, ఊపిరి బిగబట్టి అంటించేవాడు.

"పెండ్లాంతో ఇంత నెమ్మదిగా ఎప్పుడన్నా మాట్లాడినావా?" అనేది భార్య షంషాద్, టీ గ్లాసు పక్కన పెడుతూ.

"నువ్వు విరగవు గదా!" అనేవాడు.

అంటించిన ముక్కలు కదలకుండా గుడ్డపేలిక చుట్టి, దారంతో బిగించి కట్టేవాడు. ఒరిగిపోకుండా వాటిని గంపెడు ఇసుకలో నిలిపి, మిద్దె మీద నీడన పెట్టేవాడు. ఇన్నేళ్ళు పటాలంలో గడిపిన మనిషికి, తమ ఊరి మిద్దెల మీద నీడపట్టున ఏమేం ఆరతాయో తట్టలేదు.

ఆ పొద్దు ఓబమ్మ కళ్ళాపి చల్లుతూ తలెత్తలేదు. ప్రదక్షిణం మాటా లేదు, మజ్జిగా లేదు. ఒంట్లో బాగాలేదేమో, వచ్చినాక అడుగుదామనుకొని లాల్ బాషా లారీ తీశాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. మిద్దె మీద గంప లేదు. పిట్టగోడ మీంచి చూస్తే, ఓబమ్మ తన దొడ్లో బర్రె కుడితి తొట్టి పక్కన కూలబడి ఉంది. ఖాళీ గంప పక్కన దొర్లుతోంది. లాల్ బాషా మెట్లు దిగి పరిగెత్తాడు.

"అత్తా! ఏం చేసినావు?"

"ఆర్పేసినా." ఆమె తొట్టికేసి చెయ్యి చూపించింది. "మా తిప్పన్న గూడా అట్లే గుడ్డ చుట్టి, దారం కట్టి, ఇసకలో పెట్టి మిద్దె మీద ఆరబెట్నాడు. నాకు తెలుసు. తెలిసీ నోరెత్తకపోతిని. ఒకటి చేతిలోనే పేలె. నువ్వు గూడా యా పార్టీలో కలిస్తివిరా? వాళ్ళ జీపు తోలనంటివి, వాళ్ళ బాంబులు కడతాండావా?"

ఓబమ్మ కొడుకు తిప్పన్న ఎలా పోయాడో ఊరందరికీ తెలుసు. ఆమె నోట ఆ మాట వినడం లాల్ బాషాకు ఇదే మొదలు.

"షంషాద్ యాడుంది?"

"పిండి మరకు పంపించినా. ఎత్తేటప్పుడు పేల్తే ఆ పిల్లెందుకు పోవాల?"

పేలతాయని నమ్మి, ఈ ముసలామె ఆ గంపను రొమ్ముకు ఆనించుకొని మెట్లు దిగింది. ఎవరికైనా చెబితే రెండో పార్టీవాళ్ళు లాల్ బాషా ఇల్లు తగలబెడతారని నోరు కుట్టేసుకొని, తన ఒక్క ప్రాణం ఒడ్డింది. అల్లా ఇలాంటి మనుషులను పక్కింట్లో పెట్టి, మనల్ని గుర్తుపట్టమంటాడు కాబోలు.

అతను తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఒక ఉండ పైకి తీశాడు. ఓబమ్మ చెవులు మూసుకుంది. దారం విప్పి, పేలిక తీసి, ఆమె ఎదుట పెట్టాడు. తవుడు అంటిన పచ్చని క్యాబిన్, దానికి రెండు తలుపులు, ముందు అద్దం.

"ఇదేంది?"

"మిలిట్రీ బండి, అత్తా. బొమ్మ."

ఓబమ్మ దాన్ని, అతన్ని, మళ్ళీ దాన్ని చూసింది. "థూ నీ పాసుగాల! తల నెరిసినోనివి, బొమ్మలాటా నీకు? నా పానం పోయింది గదరా!" అంటూ అతని భుజం మీద రెండు దెబ్బలు వేసి, ఆ చేత్తోనే అతన్ని పట్టుకొని ఏడ్చింది.

ఇద్దరూ కలిసి కుడితి గాలించారు. ముక్కల్లో కొన్ని ఊడాయి గాని విరగలేదు. ఒక్క చక్రం మాత్రం దొరకలేదు.

"బర్రె మూతి పెట్టింది నాయనా, నేను చూసినా" అంది ఓబమ్మ తప్పు చేసిన దానిలా.

"స్పేరు టైరుతో నడిపిస్తాంలే" అన్నాడు. ముక్కలు కడిగి తుడుస్తూ పెంచలమ్మ సంగతంతా చెప్పాడు. ఓబమ్మ క్యాబిన్‌ను కొంగుతో తుడుస్తూ విన్నది.

కొన్నాళ్ళకు బండి నిలబడింది. లాల్ బాషా దాన్ని తువ్వాలులో చుట్టుకొని వాకిట్లో కూర్చున్న ఓబమ్మ దగ్గరికి వచ్చాడు.

"ముద్దనూరికి పోతాండా. నువ్వు నాతో రా అత్తా."

"నేనెందుకురా? ఆయమ్మ కొడుకు దేశం కోసరం పాయె. నా కొడుకు ఎట్ల పోయినాడో లోకమంతా తెలుసు. ఏ మొగం పెట్టుకొని ఆయమ్మ పక్కన కూచోవాల?"

"ఆయమ్మకు మొగాలు కనపడవు. మావాడు యాడ కూచుంటాండె అని అడుగుతాది. ఆ మాట అడిగితే నాకు చెయ్యాడదు, నోరు రాదు." అతను తువ్వాలు మూట ఆమె ఒడిలో పెట్టాడు. "ఆయమ్మ ఏలు పట్టుకొని సీటు మీద నువ్వే పెట్టాల, అత్తా."