ఎక్కడికీ పోని గీత

ఓసాకాలోని ఆ ఆఫీసులో కువబారా మిత్సుయె పన్నెండేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. మగవాళ్లు కంప్యూటర్ ప్రోగ్రాం రాసి, నడిపించి, చేతులు దులుపుకున్నాక, అది ఏ అడుగు నుంచి ఏ అడుగుకు పోతుందో గీతలతో చూపే పటం గీయడం. ఇల్లు కట్టేశాక ప్లాను గీసినట్టన్నమాట. పటం లేనిదే పని చేయించుకున్న కంపెనీ ఒప్పుకోదు గనక గీయాలి. ఎవరూ చదవరు గనక అందంగా ఉంటే చాలు. ప్రోగ్రాం ఎక్కడ చిక్కుపడితే అక్కడ ఆమె గీతను సాఫీ చేసేసేది.

వందల చిక్కులు చూశాక ఆమెకు ఒక సంగతి తట్టింది. లోపలికొచ్చే కాగితం ఎలా ఉందో, బయటికిపోయే కాగితం ఎలా ఉండాలో ముందే గీసుకుని, ప్రోగ్రాంను వాటి పోలికలోనే కొమ్మలుగా విడదీస్తే అసలు చిక్కే పడదు. ఆ పద్ధతంతా ఒక నోటుపుస్తకంలో రాసి, 1974 వసంతంలో మేనేజర్ హిరోసే ముందు పెట్టింది. ఆఫీసుకు పని ఇచ్చిన పాల కంపెనీవాళ్ల రెండో పనికి, ప్రోగ్రాం రాయకముందే పటం గీయనివ్వమంది.

ప్రోగ్రాంలు రాసేవాళ్లలో పాతకాపు ఒనిజుకా ఆ పుస్తకాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు.

"గిన్నెలు కడిగే మనిషి వంట నేర్పుతుందట, విన్నారా మేనేజర్ గారూ?"

"అడుగున ఎంత మాడిందో కడిగేదానికే తెలుస్తుంది, ఒనిజుకా గారూ."

"నోరు బాగానే ఉంది. టీ చల్లారింది, చూడు."

హిరోసే పుస్తకాన్ని సొరుగులో పడేశాడు. "పాలవాళ్ల మొదటి పనికే పటం ఇవ్వలేదు నువ్వు. శుభ్రంగా గీసివ్వు. తేడా వచ్చిందో, కింద టేపుల గదిలో దుమ్ము దులపడానికి మనిషి కావాలట."

ఏ దుకాణానికి ఎన్ని పాలసీసాలు పంపాలో అచ్చువేసే ఆ ప్రోగ్రాం ఒనిజుకాదే. అందులో ఒక గీత చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే వస్తోంది.

"ఏదైనా దుకాణం ఆ రోజు సున్నా సీసాలు చాలంటే?" అని వెళ్లి ఒనిజుకాను అడిగింది.

"పాలు వద్దనే దుకాణంతో పాలవాడికేం పని? గీయడం నీ పని. గీయి."

గీసింది. ఈసారి సాఫీ చేయలేదు. ఉన్నదున్నట్టు గీసింది. ఆ పటం మీద, చూసి ఒప్పుకున్నట్టు, అధికారుల పేర్ల ముద్రలు ఆరు పడ్డాయి. పైవాడి ముద్రకు దణ్ణం పెడుతున్నట్టు కిందివాళ్ల ముద్రలు వినయంగా వాలి ఉన్నాయి. చదివినవాడు ఒక్కడూ లేడు.

అప్పగించే రోజున పాల కంపెనీ నుంచి త్సుకుదా అనే ముసలాయన వచ్చాడు. పటం మీద వేలు పెట్టి, గీత గీతా చదవడం మొదలెట్టాడు.

"ఈ గీత ఎక్కడికి పోతుందండీ?"

హిరోసే చెవులు ఎర్రబడ్డాయి.

"గీసిన మనిషి పొరపాటు" అన్నాడు ఒనిజుకా.

అందరూ టీ అందిస్తున్న మిత్సుయె వైపు తిరిగారు. అవునంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. ఆమె పళ్లెం కింద పెట్టింది.

"పొరపాటు కాదండీ. ప్రోగ్రాంలో ఉన్నదే గీశాను. సున్నా ఇచ్చి చూడండి."

ఇచ్చారు. యంత్రం ఒకే దుకాణం పేరు అచ్చువేస్తూ కాగితం కక్కుతూనే పోయింది. కరెంటు తీసేదాకా ఆగలేదు.

"మా ఊళ్లో బుధవారం సగం దుకాణాలు మూసే ఉంటాయి" అన్నాడు త్సుకుదా. "రెండో పనికి పటం ముందు చూపించండి. ఈవిడ గీసిందే. ముద్రలు తర్వాత వేసుకోవచ్చు."

నోటుపుస్తకం సొరుగులోంచి బయటికొచ్చింది. వరండాలో హిరోసే ఆమెను ఆపాడు.

"బయటివాడి ముందు నన్ను దోషిలా నిలబెట్టావు. మరిచిపోను."

మరిచిపోలేదు. నాలుగేళ్లలో ఆ పద్ధతి కంపెనీ శాఖలన్నిటికీ పాకింది గాని, దాని నియమాల పుస్తకం అట్టమీద హిరోసే పేరే పడింది. ఆయన రిటైరయ్యేదాకా ఆమెకు ప్రమోషన్ లేదు. నగోయా నుంచీ ఫుకువోకా నుంచీ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మాత్రం దాన్ని 'కువబారా కొమ్మలు' అనేవారు.

ఆ ప్రమోషన్ వచ్చాక ఇక ఎవరైనా సరే, పటం మీద ఆమె ముద్ర పడందే ప్రోగ్రాం మొదలెట్టకూడదు. ఒనిజుకా పలకరించకుండానే వచ్చి, పటం బల్లమీద పడేసేవాడు.

"ముద్ర వెయ్యి."

"కూర్చోండి. చదవాలి."

కూర్చునేవాడు కాదు. ఆమె వేలితో గీత గీతా వెతుకుతుంటే నిలబడి గడియారం చూసేవాడు.

"ఇక్కడ సున్నా వస్తే?"

అతను కాగితం లాక్కుని వెళ్లిపోయేవాడు. మర్నాడు సరిచేసి తెచ్చేవాడు.