పటానికి కుట్టిన తెల్లగుడ్డ

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు పప్పుగిన్నె పక్కకు జరిపి, భోజనాల బల్ల మీద తన వైద్య పుస్తకం పరిచింది. ఆడమనిషి కటి భాగాన్ని కింది వైపు నుంచి చూపే బొమ్మ అది. పైనున్న గర్భసంచినీ పేగుల్నీ మోసుకుంటూ, ఎముకల మధ్య నులక మంచం అల్లికలా అల్లుకున్న కండలు, వాటికి నెత్తురు తెచ్చే ధమని, దానితోపాటే ఎముకను చుట్టి వచ్చే పసుపుపచ్చని నరం, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ నరానికి లాటిన్ భాషలో ‘సిగ్గుపడవలసిన చోటుది’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారట పాతకాలపు పండితులు, నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు సరికదా, ఒళ్ళు మండిపోయింది. ఆ జాతి పండితుణ్ణి ఒకణ్ణి నేను దగ్గరగా చూశాను.

యాభైల మొదట్లో ప్రసవాల నర్సు చదువుకు పోయే ఆడపిల్లను జనం ఎంత వింతగా చూసేవారో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అక్కడ మాకు శరీరశాస్త్రం చెప్పిన డాక్టరుగారు మహా మర్యాదస్థుడని పేరు. గోడకు నిలువెత్తు మనిషి పటం వేలాడేది. దానికి బొడ్డు నుంచి తొడల దాకా నాలుగంచులా తెల్లగుడ్డ కుట్టించి పెట్టాడాయన. గుండె గురించి వారాల తరబడి చెప్పాడు, ఊపిరితిత్తుల గురించి చెప్పాడు, చెవిలో ఉండే చిన్న ఎముకల పేర్లు కూడా వల్లె వేయించాడు. గుడ్డ దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని, “అది మీకు పెళ్ళయ్యాక తెలుస్తుంది లేమ్మా” అని పాదాల ఎముకల్లోకి దూకేశాడు. కాన్పులు చేయబోయే పిల్లలకు బిడ్డ బయటికి వచ్చే దారి తప్ప మిగతా దేహమంతా నేర్పిన ఘనుడికి, చదువు ముగిసిన రోజున మేమే దండ వేశాం. తగలెయ్య ఆ మర్యాద! మేము మాత్రం తక్కువ తిన్నామా? ఏడాది పొడుగునా ఆ గుడ్డ కళ్ళెదుటే ఉంది, కుట్లు విప్పి చూద్దామన్న బుద్ధి ఒక్కదానికీ పుట్టలేదు. తలలు వంచుకుని కూర్చోవడమే గొప్ప అనుకున్నాం. కాన్పులో ఒళ్ళు చిరిగితే కుట్టడం పెద్ద నర్సు చేయి చూసి నేర్చుకున్నాం. సూది పైన ఎట్లా పోతుందో చూశామే గాని దాని కింద ఏముందో అడగలేదు.

తరువాత నన్ను ఆత్మకూరులో వేశారు. తెల్లచీర, చేతికి గడియారం, నల్లతోలు సంచి, వీటితోపాటు నెత్తికెక్కిన పొగరు. ఇంట్లోనే నర్సు ఉందని పుట్టింటికి పంపకుండా ఉదయగిరిలోనే ఉంచుకున్న మా వదినకు తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయని మా అన్న కబురు పెడితే, పొద్దున బస్సెక్కి పోయాను. కొండ కింద మా ఇంట్లో అప్పటికే మంత్రసాని అవ్వ కూర్చుని ఉంది. మా అన్ననూ నన్నూ భూమ్మీద పడేసింది ఆమే. నీ అవసరం లేదు పొమ్మని ఆమెను వసారాలోకి పంపించాను. బిడ్డ పెద్దది, వదినకు లోతుగా చిరిగింది. కిటికీ వెలుగులో కూర్చుని పొందికగా కుట్టాను, నెత్తురు ఆగింది, అంతటితో పని అయిపోయిందనుకున్నాను. వదినను తుడవడానికి లోపలికి వచ్చిన అవ్వ ఒక్కసారి వేలితో తడిమి చూసి, నెమ్మదిగా అడిగింది.

“పైతోలు బాగానే కుట్టినావు పాపా. లోపల కండ తెగినట్టుండాది, అది కలిపినావా?”

“ఏంది అవ్వా, చదువుకున్నదానికి నువ్వు నేర్పొచ్చినావా?” అన్నాను. మా నాయన వసారాలో పకపకా నవ్వాడు. అవ్వ చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది, మళ్ళీ మా గడప తొక్కలేదు.

మా వదిన మాత్రం కనిపించిన ప్రతి ఆడమనిషితోనూ, “మా ఆడబిడ్డ కుట్టిన కుట్టమ్మా, మచ్చ కూడా తెలీకుండా కలిసిపోయినాది” అని చెప్పుకునేది. నేను పొంగిపోయేదాన్ని. కాని ఆ కాన్పు తరువాత ఆమె పదిమందిలో కలవడం మానేసింది. పెళ్ళిళ్ళలో బంతికి కూర్చునేది కాదు, వింజమూరులో సొంత చెల్లెలి పెళ్ళికే ముహూర్తం వేళ పందిట్లో లేదు. కోడలికి గర్వం తలకెక్కిందని మా అమ్మ అనేది, అవునని నేనూ వంత పాడేదాన్ని. నాలుగేళ్ళు గడిచాక ఒకనాడు దడి మీద ఆరేసిన చీర కింద దాచిపెట్టిన పాతగుడ్డలు నా కంటపడ్డాయి. నిలదీస్తే, నేల చూస్తూ చెప్పింది. దొడ్డికి వస్తే ఆపుకోలేకపోతోందట, గాలి కూడా నిలవదట. పిల్లల్ని కన్నవాళ్ళందరికీ ఇంతే కాబోలనుకుందట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, “ఎవురికి చెప్పేది పాపా? యాడ జబ్బని చెప్పేది?” అంది.

నెల్లూరులో ఒక లేడీ డాక్టరుకు చూపించాను. పైన చర్మం చక్కగా అతుక్కుంది, లోపల మలద్వారాన్ని బిగించే కండ మాత్రం తెగి రెండు వైపులకూ జరిగిపోయింది, మళ్ళీ కోసి కలిపి చూడవచ్చు అందామె. మా అన్న వినలేదు. “ఆడ కోయించుకొచ్చినాదని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకునేదెట్లా?” అన్నాడు. ఊరి తగాదాలన్నీ తీర్చే పెద్దమనిషి! ఆయన తల ఎత్తుకుని తిరగడానికి మా వదిన బతుకంతా తల దించుకోవాలి. తప్పు నా సూదిదని, నా కోసమైనా ఒప్పుకోమని ఆరోజు నేను అడిగి ఉంటే ఆయన మెత్తబడేవాడేమో. అడగలేదు. నా పేరు పాడవుతుందని భయపడ్డాను. చదువు చెప్పిన డాక్టరునీ అన్ననీ ఇన్ని మాటలన్నాను గాని, ఈ కథలో అందరికన్నా నీచురాలిని నేనే.

ఇప్పుడు కాలం మారింది. మనవరాలు ఆ కండల పేర్లు అన్నం తింటూ చదువుతుంటే మా అల్లుడు పెరుగు వేసుకుంటూ వింటున్నాడు. కాన్పులో చిరిగితే ముందు ఏది కుడతావే అని దాన్ని అడిగాను. పుస్తకంలోంచి తలెత్తకుండానే, “లోపలి కండ అమ్మమ్మా, చర్మం ఆఖర్న. అది కూడా తెలీదా?” అంది. అక్షరమ్ముక్క రాని అవ్వ ఆరోజు నన్ను అడిగింది ఇదే.

మా వదిన పోయి చాలా ఏళ్ళయింది. ఆఖరి రోజుల్లో చూడవచ్చిన చుట్టాలతో కూడా, మంచం మీద నుంచి నా చేయి పట్టుకుని, మచ్చ కూడా తెలీదమ్మా అనే చెప్పింది. వాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. నేను ఆమె పక్కనే కూర్చుని విన్నాను.