కాశీలో వదిలిన పండు

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకు బాగా ఇష్టమైనదొకటి గంగలో వదిలి రావాలి. మళ్ళీ జీవితంలో దాన్ని ముట్టకూడదు. మా పెదనాన్న కాకరకాయ వదిలాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన కాకరకాయ నోట పెట్టి ఎరగడు. గంగమ్మకే టోకరా వేసి, కాశీ చెంబులతో నూజివీడు బస్టాండులో దిగి, "మనసు చంపుకుని వదిలేశానండీ" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. మావాళ్ళ భక్తి ఏపాటిదో చెప్పడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అదే ప్రయాణంలో మా అమ్మ మామిడిపండు వదిలింది. చిన్నరసాలంటే ప్రాణం పెట్టే మనిషి. పైగా మాది మామిడికాయల వ్యాపారం, వేసవి వచ్చిందంటే పూజగదిలో కూడా అగరొత్తుల కంటే పండ్ల వాసనే ఎక్కువ. అలాంటి ఇంట్లో ఉంటూ పండు వదలమని ఆవిడకి చెప్పింది, కాకరకాయ వదిలిన ఆ పెదనాన్నే.

దీనికంతా కారణం మా తమ్ముడు. వాడు ఎనిమిదో నెలలో జ్వరమొచ్చి పోయాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు. అంత పసివాళ్ళకి దహనం లేదు, పిండం లేదు, తద్దినం లేదు. ఊరి బయట పూడ్చి, స్నానాలు చేసి వచ్చి, ఇక వాడి పేరు ఇంట్లో ఎత్తొద్దన్నారు. అమ్మ మాత్రం పురోహితుడు గుమ్మం తొక్కినప్పుడల్లా ఒకటే అడిగేది, వాడిప్పుడు ఎక్కడున్నాడండీ అని. మా తాతగారి తద్దినం నాడు ఆయన ఏ లోకంలో ఎంత సుఖంగా ఉన్నారో కళ్ళకు కట్టినట్టు చెప్పే ఆ పురోహితుడు, ఈ మాట రాగానే సంచి సర్దుకునేవాడు. "పసిబిడ్డలకి కర్మలుండవమ్మా, మరిచిపోవాలి" అనేవాడు. చివరికి రెండేళ్ళ తర్వాత పెదనాన్న, కాశీ వెళ్ళి ఇష్టమైనది వదిలితే అది వాడికి చేరుతుందని తేల్చాడు. అలా ఎక్కడైనా రాసి ఉందో లేదో ఆయనకి తెలియదు. ఇంట్లో ఏడుపు ఆగితే ఆయనకి చాలు.

ఎనిమిదేళ్ళు అమ్మ పండు ముట్టలేదు. ఏటా మొదటి కోత రాగానే, "వాడికి చేరుతోందంటారా?" అని అడిగేది. నాన్న తల దించుకునేవాడు. పెదనాన్న రేడియో పెట్టేవాడు.

ఎనభైల్లో ఒక వేసవి. మా గోడౌనులో పెట్టెల్లో గడ్డి పరిచి కాయలు సర్దే ఆడవాళ్ళలో, మాలపేట నుంచి వచ్చే ఒకామె ఉండేది. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. అమ్మ ఒకరోజు ఆమెనీ అదే అడిగింది.

"ప్రభువు దగ్గరున్నారండి అమ్మగారూ. మీ బాబూ అక్కడే ఉంటాడు. రేపు మనం వెళ్ళి చూసుకోడమే" అంది ఆమె, చెయ్యి ఆపకుండా. పిల్లలు విస్సన్నపేటలో అమ్మమ్మగారింట్లో ఉన్నారన్నంత తేలిగ్గా చెప్పింది.

నేను పక్కనే ఉన్నాను. ఇంటర్ పరీక్షలు రాసి కూర్చున్నాను, లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. "ఎవరైనా చూసొచ్చి చెప్పారా ఏంటి?" అన్నాను.

"ఒకాయన చనిపోయి లేచొచ్చారు కదండి అమ్మాయిగారూ."

నేను పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు.

ఆ ఆదివారం నుంచి అమ్మ పేటలోని ప్రార్థన పాకకి వెళ్ళసాగింది. పెదనాన్నకి దేవుడితో పేచీ లేదు. "పటం కావాలంటే తెచ్చి ఇంట్లో పెట్టుకోమను, ముక్కోటి మందిలో ఇంకొకడు. ఆ చాప మీద, వాళ్ళ పక్కన కూర్చోవడమేంటి?" అన్నాడు. మోక్షం దొరికినా సరే, దొరికే చోటు మంచి వీధిలో ఉండాలి మావాళ్ళకి. నా ఏవగింపు ఇంకో రకం. ఆ పాకలో శ్రుతీ లయా లేని పాటలు, చెవులు పగిలే మైకు, ప్రతి మాటకీ ఆమెన్లు. చదువురానివాళ్ళ ఓదార్పు అనుకునేదాన్ని. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నేనూ అంతే.

నెల తిరక్కుండా, ఒక మధ్యాహ్నం గోడౌనులో అందరూ చూస్తుండగా అమ్మ ఒక చిన్నరసం తీసింది. రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచిక తీసి, జుర్రుకుని తినేసింది. పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"కాశీలో వదిలింది తింటావా? ఆ పిల్లాడి గతేం కావాలి?"

"వాడికి నేనేం పంపక్కర్లేదు బావగారూ. వాడు ఆకలితో లేడు" అంది అమ్మ, మోచేతి దాకా కారిన రసం తుడుచుకుంటూ. ఆయనకి అమ్మ ఎదురు చెప్పగా నేను వినడం అదే మొదలు. అమ్మ నమ్మినదాన్ని నేను నమ్మలేదు గానీ, పెదనాన్న ముఖం చూసి నా కడుపు నిండిపోయింది.

మరుసటి ఆదివారం, "మీ అమ్మని పిలుచుకురా" అని ఆయన నన్ను పేటకి పంపాడు. పాక గుమ్మంలోనే నిలబడ్డాను, చెప్పులు కూడా విప్పలేదు. అమ్మ బాప్తిస్మం అడిగిందట, పాస్టరు గారు వివరాలు రాసుకుంటున్నారు.

"పిల్లలెంతమందమ్మా?"

పదేళ్ళుగా మా ఇంట్లో ఎవరడిగినా ఒకటే జవాబు, ఒక్కతే కూతురని. అమ్మా అలాగే చెప్పేది. నేనూ అలాగే చెప్పేదాన్ని.

"ఇద్దరండీ" అంది అమ్మ. "బాబు ప్రభువు దగ్గరున్నాడు. అమ్మాయి, అదిగో, గుమ్మంలో ఉంది."

ఇద్దరి కోసం ప్రార్థన చేద్దామన్నారు పాస్టరు గారు.

"బాబు కోసం వద్దండీ, వాడు బాగున్నాడు. దాని కోసం చెయ్యండి."

పాకలో వాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు. ఆ గడ్డి పరిచే ఆమె నా పేరు పెట్టి మరీ దేవుణ్ణి బతిమాలుతోంది. అమ్మ ఏడుస్తోంది. తమ్ముడి కోసం ఆవిడ ఏడవడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఈసారి ఏడుపు నా కోసం.