నా గంటకు లేచిన పక్షులు

సైకిలు దిగాక మనిషి ఏం చెయ్యాలన్న ప్రశ్న నాకు అరవై ఒకటో ఏట ఎదురైంది. తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో డాక్టరు నా రెండు మోకాళ్ళూ నొక్కి చూసి, ఇక తొక్కింది చాలన్నాడు. నా తోటివాళ్ళు చాలామంది అప్పటికే దిగి, ఎవరికి తోచిన వ్యాపకం వాళ్ళు చూసుకున్నారు. పొద్దున బయలుదేరి ఎండెక్కకముందే కొవ్వూరు రేవు చేరే పెంటపాడు మిత్రుడొకాయన ఇప్పుడు గులాబీలకు అంట్లు కడుతున్నాడు. ఉంగుటూరులో ఇంకొకాయన పోస్టుకార్డుల మీద చదరంగం ఆడుతున్నాడు. ఒక్క ఎత్తుకు వారం పడుతుంది. ఈ లెక్కన ఆట ముందు ముగుస్తుందో ఆటగాళ్ళు ముందు ముగుస్తారో తెలియదని నేను వేళాకోళం చేసేవాణ్ణి. నా సంగతి చెప్పాలంటే, రోజూ పొద్దున్నే వసారాలో సైకిలు బోర్లించి, గొలుసుకు నూనె పెట్టి, గంట ఒకసారి మోగించి చూసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా మళ్ళీ గోడకు చేర్చేవాణ్ణి. మోకాళ్ళు మొరాయించిన నాబోటివాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి, కొల్లేటికి వెళ్ళి వచ్చిన ఈ ఒక్కరోజు సంగతి వాళ్ళకోసం రాస్తున్నాను.

ఈ ప్రయాణం నాలుగేళ్ళ క్రితమే చెయ్యవలసింది. ఏలూరులో దేవదానం మాస్టారని నాకు పాత స్నేహితుడు, మిషను బడిలో పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకున్నాయన. భీమడోలు దగ్గర కాలవగట్టు మీద నా టైరు పంచరైతే ఆగి సాయం చేశాడు, అలా కలిశాం. ఆ తరవాత పదేళ్ళపాటు సెలవు దొరికినప్పుడల్లా నేను గూడెం నుంచి, ఆయన ఏలూరు నుంచి బయలుదేరి భీమడోలులో కలుసుకునేవాళ్ళం. అక్కడినుంచి కొల్లేటి అంచుదాకా గట్టు మీద కలిసి తొక్కేవాళ్ళం. కలిసి అన్నది మాటవరసకే. నేను ముందుండేవాణ్ణి, ఆయన ఎక్కడో వెనక వచ్చేవాడు. ఆయనది ఎడ్లబండి సైకిలని నలుగురిలో అంటే నవ్వి ఊరుకునేవాడు. ఆఖరిసారి ఆయనకోసం ఆగడం విసుగెత్తి, చెప్పకుండా భీమడోలులో రైలెక్కి ఇంటికి వచ్చేశాను. ఆయన ఆ వేళ ఎంతసేపు వెతుక్కున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు.

నాకంటే ముందు ఆయనే సైకిలు మానేశాడు. మానేసి పక్షులు చూడడం మొదలుపెట్టాడు. ఏటా కార్తీకంలో, చలికాలపు బాతులైన పరజలు కొల్లేట్లో దిగగానే, ఒక కార్డు వచ్చేది. దాని మీద రెండే ముక్కలు: "పరజలు దిగాయి. రండి." మొదటి కార్డుకు నేను రాసిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. పక్షుల్ని లెక్కపెట్టుకునేంత ముసలివాణ్ణి నేనింకా కాలేదని రాశాను. తరవాతి మూడు కార్డులకూ అసలు జవాబే రాయలేదు. ఈ ఏడు కార్డు రాలేదు. కార్తీకం వెళ్ళింది, మార్గశిరం సగం గడిచింది. రాని కార్డుకోసం పోస్టుమాన్ దారి చూస్తున్నానని గ్రహించి, సిగ్గుపడి బయలుదేరాను.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు పొద్దున పాసింజరు ఆరుగంటలకు. మూడో తరగతి టిక్కెట్టు పదణాల లోపే అయింది. ఉంగుటూరు దాటేదాకా రెండువైపులా కోసిన వరి పనలు మంచులో తడుస్తూ కనిపించాయి. భీమడోలులో బండి ఆగినప్పుడు కిటికీలోంచి మా గట్టు కనిపిస్తుందేమోనని మెడ సాచి చూశాను. ఏడున్నర దాటాక ఏలూరులో దిగాను. స్టేషను బయట జట్కావాడు ఆరణాలు అడిగి నాలుగణాలకు ఒప్పుకున్నాడు. ఎవరింటికో చెప్పేసరికి గుర్రాన్ని అదిలించడం ఆపి నావైపు తిరిగాడు. "మాస్టారింటికాండీ? ఈమధ్య బయట కనపడ్డం లేదండి ఆయన," అన్నాడు. ఎందుకని అడిగితే తనకు తెలియదన్నాడు. తెలిసే ఉంటుంది, చెప్పడం ఇష్టంలేదు.

మాస్టారు వసారాలో పేముకుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను గేటు తీస్తే తల ఎత్తాడు గాని చూపు నా పక్కనున్న మందారచెట్టు మీదికి పోయింది. నేను మాట్లాడకముందే, "కుడికాలు ఈడుస్తున్నారేవండీ మూర్తి గారూ, మోకాలాండీ?" అన్నాడు. ఆయన భార్య సుగుణమ్మ గారు కాఫీ ఇస్తూ లోపలి గుమ్మం దగ్గర నాకు సంగతంతా చెప్పింది. నీటికాసులట. కిందటి వేసవిలో పక్కచూపు పోయింది, వానాకాలానికి మొత్తం పోయింది. చెన్నపట్నం పెద్దాసుపత్రిలో కూడా పోయిన చూపు తిరిగి రాదన్నారట. నేను వసారాలోకి వచ్చి, కార్డు ఎందుకు రాయలేదని మాస్టారిని అడిగాను. అడగవలసిన ప్రశ్న అది కాదు, కాని నోటికి అదే వచ్చింది.

"ఇంకొకరిచేత రాయించి మిమ్మల్ని పిలవడానికి మనసొప్పలేదండి," అన్నాడాయన. "అయినా వచ్చారు కదా. పదండి, వెళదాం. నాకు చూపించండి."

వద్దనలేకపోయాను. సుగుణమ్మ గారు దిబ్బరొట్టె, ఆవకాయ కట్టి, సంచిలో ఒక అట్టపుస్తకం కూడా పెట్టింది. అదే జట్కాను రోజంతటికీ మాట్లాడుకుని, దక్షిణంగా బండి పోగలిగినంత దూరం పోయాం. పదిన్నరకు నీటి అంచుకు చేరాం. అక్కడ మాస్టారి పాత మనిషి పెద్దిరాజు తాటిదోనెతో ఉన్నాడు. తాటిమానును తొలిచి చేసిన ఈ దోనెలో ముగ్గురు పడతారు, మూడోవాడు కదలకుండా ఉండాలి. సాయంత్రందాకా తిప్పితే రూపాయి తీసుకుంటాడు. చేపలు పట్టే మనిషే అయినా పక్షుల దగ్గరికి తీసుకెళ్ళే పద్ధతి అతనికి తెలుసు. గడను ఎత్తి దింపుతాడే గాని దోనె అంచుకు తగలనివ్వడు. చెక్క మీద చిన్న చప్పుడైనా పక్షి లేచిపోతుందట. దోనె ఎక్కాక నేను గట్టిగా గొంతు సవరించుకుంటే అతను నావైపు ఒక చూపు చూశాడు. తరవాత నేను దగ్గు కూడా మింగేశాను.

మాస్టారు మధ్యలో కూర్చున్నాడు, నేను ముందు. కాసేపటికి, ఏముందండీ అని అడిగాడు. కొంగలున్నాయన్నాను. ఏ కొంగలన్నాడు. తెల్లవన్నాను. వెనకనుంచి పెద్దిరాజు నవ్వడం వినిపించింది. పదేళ్ళు ఈ అంచున తొక్కాను, ప్రతి మలుపూ నాకు కంఠతా, ఎక్కడ గతుకుందో ఎక్కడ దిగి నడిపించాలో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఒక్క పక్షి పేరు తెలియదు. నీళ్ళలో కాళ్ళున్నదల్లా నాకు కొంగే. మాస్టారు విసుక్కోలేదు. బడిలో మొద్దుపిల్లలకు చెప్పే ఓపికతో, రంగు వదిలేసి ముక్కు చూడమన్నాడు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తోందన్నాను. అది నత్తగుల్ల కొంగ అన్నాడు. ఇంకొకదాని ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉందన్నాను. తెడ్డుమూతి కొంగ అన్నాడు. నల్లగా ఉండి, నుదుటిమీద తెల్ల బొట్టున్నవి బొల్లికోళ్ళట. మధ్యాహ్నానికి నాలుగు నేర్చుకున్నాను. అందులో ఒకటి మళ్ళీ మరిచిపోయాను.

ఎండ నడినెత్తికి వచ్చాక ఒక మట్టిదిబ్బ దగ్గర దోనె ఆపి రొట్టె తిన్నాం. మాస్టారు సంచిలోంచి పుస్తకం తీసి నాకిచ్చాడు. తన రాత విని చాలా రోజులైందని, ఒక నాలుగు పేజీలు చదవమని అడిగాడు. మొదటి పేజీనుంచి చదువుతానంటూ తెరిచాను. "అది వద్దండి, వెనకనుంచి చదవండి," అన్నాడు కాస్త తొందరగా. అప్పటికే నా కళ్ళు దాని మీద పడ్డాయి. అది సైకిలు మానేశాక మొదలుపెట్టిన పుస్తకం కాదు. మేమిద్దరం తిరిగిన రోజులది. తారీఖు, చోటు, కింద పక్షి పేరు, ఎన్ని ఉన్నాయో. మొదటి పేజీలో: "గూడబాతులు. పన్నెండు ఉన్నట్టున్నాయి. మూర్తి గారి గంటకు లేచాయి." తరవాతి పేజీలో: "పరజలు, వందకు పైనే. మూర్తి గారి గంటకు లేచాయి." పేజీ తరవాత పేజీ తిప్పాను. ఎక్కడ చూసినా చివర అదే ముక్క. ఎక్కడా కోపం లేదు. ఎండ, వాన, గాలి అని రాసుకున్నట్టే నా గంటనూ రాసుకున్నాడు.

నాకూ ఒక పుస్తకం ఉండేది. ఎన్ని మైళ్ళు, ఎంతసేపట్లో, ఎవరు ముందు అని రాసుకునేవాణ్ణి. దాన్నిండా మాస్టారు ఇరవై నిమిషాలు ఆలస్యం, మాస్టారు అరగంట ఆలస్యం అనే ఉంటుంది. గట్టు మీద పశువులుంటాయని ప్రతి మలుపులోనూ గంట కొట్టడం నాకు అలవాటు. నిజం చెప్పాలంటే గంట కొడితే దారి నాదైపోతుందని ఒక సంబరం కూడా. ఆయన ఊపిరి అందక వెనకబడుతున్నాడని పదేళ్ళు అనుకున్నాను. నేను లేపిపోయిన పక్షులు మళ్ళీ దిగేదాకా ఆయన ఆగేవాడు. ఆ ఇరవై నిమిషాలూ అవే. నాకు ఏడుపొచ్చింది, ఆయనకు కనిపించదు కాబట్టి తుడుచుకోలేదు. పెద్దిరాజు మాత్రం చూసి, నీళ్ళవైపు తిరిగి కూర్చున్నాడు.

ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన చేతిలో రొట్టెముక్క పూర్తిచేసి జవాబు చెప్పాడు.

"తొక్కేటప్పుడు మీరు చాలా ఆనందంగా ఉండేవారండి. అది చెడగొట్టడం ఎందుకని. మీరు కూడా దిగాక కలిసి చూద్దాం లెమ్మనుకున్నాను. ఈ నాలుగేళ్ళూ గూడబాతుల్ని చాలాసార్లు చూశానండి, ఇంత దగ్గర్నుంచి. చూసినప్పుడల్లా అలవాటు కొద్దీ ముందుకు చూసేవాణ్ణి, మీరక్కడ ఉన్నారేమోనని."

 క్షమించమన్నాను. ఇందులో క్షమించడానికేముందండీ అని, గూడబాతులు మేసే వైపు దోనె తియ్యమని పెద్దిరాజుకు చెప్పాడు.

గూడబాతులు కనిపించకుండానే మూడైంది. ఒకపక్క జట్కావాడు చీకటిపడకముందే ఊరు చేరాలని ముందే చెప్పాడు, ఇంకోపక్క నాకు ఏడుగంటల బండి ఉంది. ఇక తిప్పమందామా అని నేను అనబోతుంటే మాస్టారు చెవి ఒగ్గి, చెయ్యెత్తి ఆగమన్నాడు. నాకేమీ వినిపించలేదు. పెద్దిరాజు గడ ఎత్తి పట్టుకుని, "ఆయ్, తుంగ అవతల ఉన్నాయండి," అన్నాడు గుసగుసగా. దోనె దానంతటదే మెల్లిగా జారి తుంగ దాటింది. అక్కడ ఉన్నాయి. పెద్ద పక్షులు, బూడిదరంగు తెలుపు, ముక్కు కింద సంచి. ఒక వరసగా ఈదుతూ అన్నీ ఒక్కసారే ముక్కులు నీళ్ళలో ముంచి, ఒక్కసారే ఎత్తుతున్నాయి. చేపల్ని లోతులేని చోటుకు తోలుకుపోతున్నాయన్నమాట. ఇదంతా మాస్టారి చెవి దగ్గర మెల్లిగా చెప్పాను. ఇంత నెమ్మదిగా నేను పుట్టి బుద్ధెరిగాక మాట్లాడలేదు. ఆయన ఒక్కటే అడిగాడు.

"లేచాయాండీ?"

"లేదు మాస్టారూ. ఉన్నాయి."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఇంకా ఉన్నాయన్నాను. చాలాసేపు ఉన్నాయి. చివరికి వాటంతటవే మేత ముగించుకుని ఈదుకుంటూ తుంగలోకి పోయాయి. అప్పుడు మాస్టారు పుస్తకం తెరవమన్నాడు. తను చెబుతుంటే నేను రాశాను: "గూడబాతులు. తొమ్మిది. లేవలేదు." కింద ఇంకొక ముక్క రాయమన్నాడు: "చూసినవారు మూర్తి గారు." ఇద్దరి పేర్లూ రాస్తానన్నాను. "ఉన్నది రాయాలి కదండీ," అన్నాడు. ఆయన చెప్పినట్టే రాశాను. నా దస్తూరీలో అంత వంకర అక్షరాలు ఎప్పుడూ పడలేదు.

ఏడుగంటల బండి అందింది. ఇంటికి వచ్చి మర్నాడు సైకిలు గంట మరలు ఊడదీసి, ఆయన రాసిన నాలుగు కార్డులున్న పెట్టెలో పెట్టాను. ఇప్పుడు నెలకు రెండుసార్లు ఏలూరు వెళుతున్నాను. ముక్కులు చూసి చెబుతాను, ఆయన పేర్లు చెబుతాడు. మంచి కాలక్షేపమే, మోకాళ్ళతో పనిలేదు, మీరూ మొదలుపెట్టండి. అయితే వెళ్ళిన ప్రతిసారీ ఒక లెక్క మనసులో మెదులుతుంది. నాలుగు శీతాకాలాలు, నాలుగు కళ్ళు. అందులో రెండు వసారాలో గొలుసుకు నూనె పెట్టుకుంటూ కూర్చున్నాయి. ఆ నష్టం నేనెన్నిసార్లు రైలెక్కినా పూడదు.

వెళ్ళదలచినవారికి ఒక్క సలహా. కార్తీకం మొదలు మాఘందాకా మంచి రోజులు. ముందురోజే ఏలూరు చేరి, తెల్లవారకముందే నీటి అంచున ఉంటే మాలాగా సాయంత్రందాకా ఎదురుచూడక్కర్లేదు. సైకిలు మీద వెళ్ళేవారైతే గట్టెక్కాక గంట కొట్టకండి, దిగి నడిపించుకుపోండి. వెనక వచ్చే మిత్రుడు ఆగితే మీరూ వెనక్కి వెళ్ళి, ఏం చూస్తున్నారని అడగండి.