బొమ్మల కథలో మా యాస

ఆ బొమ్మలాయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన గీసిన గుర్రాలు ఇప్పటికీ నచ్చుతాయి, అందుకు ఇంకా మండుతుంది.

రాయచూరు బజారులో మాది బట్టల దుకాణం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. కన్నడ అక్షరాల పోలికతో, పిల్లల మాసపత్రికలో వచ్చే బొమ్మల కథ చదువుతూ నేనే కూడబలుక్కున్నాను. మా అవ్వకు, అంటే నాన్నను కన్నతల్లికి, చదువు రాదు. పత్రిక రాగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకునేది. కథలో రాజకుమారుడు "ఎక్కడికి వెళుతున్నావు?" అంటే అది ఆమెకు రేడియో వార్తల్లా ఉండేది. అందుకని నేను "యాడికి పోతున్నవ్?" అని చదివేదాన్ని. అదే కథలో ఒక దొంగ ఉన్నాడు, తిండిపోతు, పిరికివాడు. అచ్చులోనే మాలాగా మాట్లాడేది వాడొక్కడే. వాడి నోట మా మాట చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. వాడికి మాత్రం రేడియో భాష తగిలించేదాన్ని.

అవ్వకు రాజకుమారుడంటే ప్రాణం. వాణ్ణి "మనోడు" అనేది.

దేవసూగూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ వచ్చిన రోజులవి. అక్కడి కాలనీలో ఇంజనీరుగా ఉన్న తన తమ్ముడింటికి, ఆ కథ రాసి గీసే బొమ్మలాయన వచ్చాడని తెలిసి, ఒక ఆదివారం నేనూ అవ్వా బస్సెక్కాం. ఆయన కోసం అవ్వ జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టుకుంది.

ఆయన మంచిగానే మాట్లాడాడు, లేదనను. గుర్రం పరుగెత్తుతున్నట్టు ఎలా గీస్తారని అడిగాను. ముందు జూలు గీస్తానని, గాలి ఎటు వీస్తోందో తేలితే కాళ్ళు వాటంతటవే పడతాయని, నా చేత పెన్సిల్ పట్టించి మరీ చూపించాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అంతలో అవ్వ ముందుకు జరిగింది.

"నాయనా, నీది మా దిక్కేనా? నీ రాజకుమారుడు అచ్చం మా ఇంట్ల మాట్లాడినట్లే మాట్లాడ్తడు. గిట్ల రాసేటోళ్ళు ఎవరున్నరు!"

ఆయన పకపకా నవ్వాడు. "మామ్మగారూ, ఆ యాస రాజకుమారుడికెందుకు పెడతానండీ? అది మా దొంగ వెధవకి పెట్టాను. వాడు నోరు తెరిస్తే చాలు, పిల్లలు పడీ పడీ నవ్వుతారు."

ఇంట్లోవాళ్ళూ నవ్వారు. అవ్వ నా వైపు చూసింది. మూట ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది.

"మా మాట దొంగకే ఎందుకు పెట్టారు?" అన్నాను.

"సరదాకమ్మా!"

ఎవరి సరదా? మా ప్రాంతంలో కూర్చుని, మా కృష్ణ నీళ్ళు తాగుతూ, మమ్మల్ని చూసే నవ్వాలా? పెన్సిల్ బల్ల మీద విసిరేసి లేచాను.

బస్సు కోసం నిలబడినప్పుడు, ఆయనకు చూపించాలని తెచ్చుకున్న పత్రికను చింపబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందే పిచ్చిదానా? అందుల మనోడు వాడొక్కడే అంట గదా. వాన్ని ఇడిసిపెట్టి పోతమా? సదువు. వాడెట్లన్నడో అట్లనే సదువు."

బస్సులో అందరి మధ్య, ఒక్క మాట మార్చకుండా గట్టిగా చదివాను. దొంగ ఆకలైతున్నదన్నాడు, భయమైతున్నదన్నాడు, కొట్టకుండ్రి అన్నాడు. వెనక సీట్లో ఎవరో నవ్వారు. అవ్వ నవ్వలేదు. చివరి బొమ్మలో రాజకుమారుడు వాడి మీదికి కొరడా ఎత్తాడు. అవ్వ ఆ బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వానికి ఎవ్వరు లేరనుకున్నడా?" అంది. రాయచూరు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.