పక్కింటి కుండలో మెతుకులు

మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. చెరువులో నానేసిన గోగుకట్టలు లాగి, నడుములోతు నీళ్లలో నిలబడి నార ఒలుస్తున్నాం. చీపురుపల్లి సంత నుంచి వస్తున్న మా బావ గట్టు మీద సైకిలు ఆపి, "ఒరే, లెక్కల బాబు పోయినాడట, మొన్నాదివారం" అన్నాడు. మా ఇంటిది చేతిలో కట్ట నీళ్లలో వదిలేసింది. "నన్ను ఊరందరి సేతా తిట్టించినాయనే కదా" అంది.

ఆయన సర్కారు సర్వేలో చిన్న ఉద్యోగి. రెండేళ్ల కిందట, వానలు ఎగ్గొట్టి మేం రేషను గోధుమనూక తింటున్న రోజుల్లో, మా పంచాయతీ సమితిలో ఏ ఊరి జనం ఎలా బతుకుతున్నారో కొలిచి రమ్మని పంపారు. ఎన్ని పూటలు తింటారు, ఏం తింటారు, కాళ్లకు చెప్పులున్నాయా, తాగే నీళ్లు ఎంత దూరం అని ప్రతి గడపలోనూ అడిగేవారు. ఎవరేమిచ్చినా పుచ్చుకునేవారు కాదు. "గంజి తాగితే జాలి పుడతాది, మజ్జిగ తాగితే మొగమాటం. రెండూ కాయితానికి పనికిరావు" అనేవారు.

ఏటవతల ఊరివాళ్లు రెండు పూటలా వరన్నమని రాయించారని మాకు ముందే తెలిసింది. "ఆళ్లకి మనం తీసిపోయినామేటి?" అని మావాళ్లు మూడు పూటలు రాయించారు. పక్కింటి పైడమ్మ, పొయ్యి మీద ఉడుకుతున్న చోడి అంబలికి అడ్డంగా నిలబడి, "నెయ్యి నేకపోతే మా పిల్లలు ముద్ద ముట్టరు బావూ" అంది.

అన్నిటికంటే ఇబ్బందిలో ఉన్న ఊరికి మంచినీళ్ల బావి ఇస్తారని మర్నాడు సమితి జవాను నోరు జారాడు. మాకు బావి లేదు. మా ఇంటిది అయిదో నెల కడుపుతో ఏట్లో ఇసుక తవ్విన చెలమ నుంచి కడవ మోసేది. అప్పటికే ఒకసారి గట్టెక్కుతూ పడింది. ఆయన సంచీ సర్దుకుంటుంటే వెళ్లి, మేం చెప్పిందంతా అబద్ధమన్నాను. ఆయన మళ్లీ మొదలుపెట్టారు.

ఈసారి ఊరంతా దరిద్రులే. పెంకుటింటి మోతుబరి చెప్పులు అటక మీద పడేసి ఉత్తికాళ్లతో వచ్చి, "మెతుకు సూసి నాల్రోజులైనాది" అన్నాడు, త్రేనుస్తూ.

ఆయన నవ్వలేదు. రెండుసార్లు రాసిన కాగితాల కట్టలూ పక్కన పెట్టి, "తన కుండ సంగతి ఎవుడూ సరిగ్గా సెప్పడు. పక్కింటి కుండలో మెతుకులైతే లెక్కెట్టి సెప్తాడు" అంటూ మూడో కట్ట విప్పారు. ఊళ్లో అందరికంటే ముందు మా ఇంటిదాన్ని పైడమ్మ వాళ్ల గురించి అడిగారు.

"నెయ్యేటి బావూ. పొద్దున అంబలి, రేతిరికి ఆ గిన్ని కడిగిన నీళ్లు. మొన్న ఉప్పు కూడా మా కాడే అట్టుకెళ్నాది."

గోడ అవతల నుంచి పైడమ్మ అందుకుంది. "ఒసే, నీ మొగుడి కాళ్లకున్న సెప్పులెవులివే? పెళ్లికెళ్లొస్తానని నా మొగుడి కాడ తీసుకుని ఏడాదైనాది."

నేను ఆ చెప్పుల్లోనే నిలబడి ఉన్నాను. ఆయన తలెత్తకుండా రెండిళ్లకీ రాసుకున్నారు.

సాయంత్రానికి ఊరి నిజమంతా కాగితం మీదికొచ్చింది. ఊళ్లో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. ఏటవతల కూడా ఆయన ఇలాగే అడిగారట. అక్కడ ఇద్దరన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోరు.

బావి మాకే మంజూరైంది. ఆ కబురు చెప్పడానికి ఆయనే వచ్చారు. చేతిలో బదిలీ కాగితం కూడా ఉంది. బస్సు ఎక్కించడానికి నేనూ, పైడమ్మ మొగుడూ వెళ్లాం, రోడ్డుకు చెరో పక్కన నడుస్తూ. మధ్యలో ఆయన, గొడుగు చంకన పెట్టుకుని, ఇద్దరితోనూ వంతులవారీగా మాట్లాడారు.

మా పిల్ల పుట్టేనాటికి నీళ్లు పడ్డాయి. బావి తవ్వేవాళ్లు సోమవారం దిగారు. ఆయన అంతకుముందు శనివారం, పొద్దుటి బస్సుకు శృంగవరపుకోట వెళ్లిపోయారు.