షాంపూ ప్యాకెట్ల మూట

ఒకసారి సత్తెనపల్లి నుంచి నరసరావుపేట వెళ్ళే బస్సులో, ముప్పాళ్ళ దగ్గర ఒకామె గోనె మూటతో ఎక్కి నా పక్కన కూర్చుంది. మూట పైన పెట్టమని కండక్టర్ ఎంత చెప్పినా ఒళ్ళోంచి దించలేదు.

"పత్తా పిన్నీ?" అన్నాను.

మూట విప్పి చూపించింది. నిండా ఖాళీ షాంపూ ప్యాకెట్లు. అన్నీ ఒకే కంపెనీవి, కడిగి ఆరబెట్టినవి.

"ఆడోళ్ళమంతా కలిసి మా ఊరి కాలవలో ఏరాం. పై ఊళ్ళ నుంచి కొట్టుకొచ్చి నీళ్ళు పారకుండా అడ్డం పడతన్నయ్. పేటలో ఆ కంపెనీ డిపో ఉందిగా. వాళ్ళ చెత్త వాళ్ళకిచ్చొస్తా."

"తీసుకుంటారా?"

"పోయిన నెల తీసుకోలా. గుమ్మంలో కుమ్మరించొచ్చా. వాళ్ళే ఎత్తుకున్నారు."

"అసలు మనం కొనడం మానేస్తే సరిపోదా?" అన్నాను, ఏదో పెద్ద తెలిసినదానిలా.

"మేం మానేసి చానా రోజులైంది. కుంకుడుకాయలు కొట్టుకుంటన్నాం. మరి వాడు చెయ్యటం మానేశాడా?"

తాగేసిన వాటర్ ప్యాకెట్ చేతిలో ఉంటే, సాయం చేస్తున్నట్టు ఆ మూటలో వేశాను. ఆమె దాన్ని తీసి, తిప్పి చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది వేరే కంపెనీదమ్మాయ్. వీళ్ళ దగ్గరికి నువ్వు పో."

పేటలో దిగి, మూట భుజానికెత్తుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నేను బస్టాండులో చెత్తడబ్బా పక్కన నిలబడి, ఆ ప్యాకెట్ మీద సన్నటి అక్షరాల్లో ఉన్న అడ్రసు మొదటిసారి చదివాను. పెద్ద దూరమేం కాదు.